తీగ సడలకూడదు
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఒంటి ఇంజన్ కంట్రోల్ లైన్ విమానాల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మా వైపువే. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువాళ్లు రాశారు. యుద్ధకాలం నాటి రెండు ఇంజన్ల బాంబర్‌ని తీగల మీద ఎగరేయొచ్చా అన్నదే దాదాపు అందరి ప్రశ్న. నేను సునాబెడాలో మిగ్-21 ఇంజన్లు కట్టిన ఫ్యాక్టరీలో పనిచేసి, రిటైరయ్యాక జయపురంలో ఉంటున్నాను. చెక్కతో చిన్న విమానాలు చెయ్యడం ఉద్యోగానికి ముందునుంచీ ఉన్న పిచ్చి. అందుకే ఈ నెల పేజీలన్నీ ఈ ఒక్క సంగతికే ఇస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. కంట్రోల్ లైన్ విమానం ఎడమ రెక్క చివర నుంచి రెండు సన్నటి ఉక్కు తీగలు బయటికి వస్తాయి. వాటి రెండో కొస మీ చేతిలోని పిడికి ఉంటుంది. పిడి వంచితే ఒక తీగ లాగుతుంది, రెక్క మధ్యలో ఉన్న బెల్‌క్రాంక్ అనే చిన్న మీట తిరుగుతుంది, దాన్నుంచి వెళ్లే కడ్డీ తోక దగ్గరి ఎలివేటర్‌ని, అంటే ముక్కుని పైకీ కిందికీ తిప్పే పలకని, లేపుతుంది. మీరు మధ్యలో నిలబడి తిరుగుతుంటే విమానం మీ చుట్టూ, గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. చేలో పిట్టల్ని తోలే ఒడిసెల తిప్పేటప్పుడు రాయి తాడుని ఎలా లాగిపెడుతుందో ఇదీ అంతే. తీగ బిగువుగా ఉన్నంతసేపే విమానం మీ మాట వింటుంది. కింద నేను చెప్పేవన్నీ ఆ బిగువు చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఒంటి ఇంజన్ ట్రైనర్ ఎగరేశాను. ఇప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నాటి రెండు ఇంజన్ల బాంబర్ స్కేల్ మోడల్ చెయ్యాలని ఉంది. బీ-25 మిచెల్, బ్లెన్‌హైమ్, మస్కిటో, ఈ మూడింట్లో దేన్ని ఎంచుకోమంటారు? ఎంత సైజులో?
– ఇంజనీరింగ్ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: మస్కిటో. ఇంకో ఆలోచన పెట్టుకోకండి.

బీ-25 అందమైన విమానమే. ముందు చక్రం ఉంటుంది కాబట్టి నేల మీద బుద్ధిగా పరిగెడుతుంది. కానీ రెండు నిలువు తోకలు, గుండ్రటి ఇంజన్ మూతలు, గాజు ముక్కు, తుపాకుల గుమ్మటాలు అన్నీ చెయ్యాలి. మొదటి జంట ఇంజన్ల మోడల్‌కి అంత పని వద్దు. బ్లెన్‌హైమ్ నాలుగో రకం ముక్కు ఒక పక్క లోపలికి నొక్కినట్టు వంకరగా ఉంటుంది. ఆ గాజు చట్రాలు చెయ్యడానికి పట్టే కాలంలో మిగతా విమానం అంతా అయిపోతుంది.

మస్కిటో సంగతి వేరు. అసలు విమానమే చెక్క! 1940 నవంబర్ 25న మొదటిసారి ఎగిరిన ఈ డి హావిలాండ్ విమానం ఒంటిని బర్చ్ ప్లై పొరల మధ్య బల్సా పెట్టి, అచ్చు మీద కుడి ఎడమ చిప్పలుగా తయారుచేశారు. లోపలి వైర్లు, గొట్టాలు బిగించి, రెండు చిప్పల్నీ జిగురుతో కలిపేశారు. అల్యూమినియం పనివాళ్లకి యుద్ధం వల్ల తీరిక లేకపోతే, బల్లలూ కుర్చీలూ పియానోలూ చేసే వడ్రంగులు ఈ విమానం చేశారు. మన చేతిలో ఉన్న బల్సాతో మస్కిటో చేస్తుంటే అసలు విమానం కట్టినవాళ్ల పనే మనమూ చేస్తున్నట్టుంటుంది. ఈ సంతోషం రేకు విమానం మోడల్ చేసినప్పుడు నాకు కలగదు.

ఇంకో మాట. ఆ చెక్క మీద అంటించి డోప్ (గుడ్డని బిగించే వార్నిష్ లాంటి పూత) పూసిన సన్నటి నూలు గుడ్డ మడపొలం. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మన నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం నుంచి ఓడలెక్కిన నేత అది, ఆ ఊరి పేరే దానికి నిలిచిపోయింది. మీ మోడల్‌కి అంత బరువైన గుడ్డ అక్కర్లేదు, టిష్యూ పేపరు గానీ పల్చటి సిల్కు గానీ చాలు. అయినా గోదావరి జిల్లా గుడ్డ పేరు లండన్ పక్కన కట్టిన యుద్ధవిమానం రెక్కల మీదికి చేరిందంటే నాకు ఎప్పుడూ గర్వంగానే ఉంటుంది.

మస్కిటోల్లో ఫైటర్-బాంబర్ ఆరో రకం, అంటే ఎఫ్‌బీ 6 తీసుకోండి. బర్మా యుద్ధంలో మన దేశం నుంచి ఎగిరింది అదే. ముక్కు గాజు కాదు. నాలుగు మెషిన్ గన్ల గొట్టాలు ముక్కులోంచి, నాలుగు ఫిరంగుల నోళ్లు దాని కిందనుంచి కనిపిస్తాయి. బల్సా దిమ్మ చెక్కి, లోపల తొలిస్తే ముక్కు అయిపోతుంది.

సైజుకి లెక్క తేలిక. అడుగుకి అంగుళం, అంటే పన్నెండో వంతు. అసలు రెక్క 54 అడుగుల 2 అంగుళాలు, మీది 54 అంగుళాల మీద కొంచెం, సుమారు 137 సెంటీమీటర్లు. అసలు రెక్క వైశాల్యం 454 చదరపు అడుగులు, మీది 454 చదరపు అంగుళాలు. బరువు బ్యాటరీతో సహా 1.8 కిలోలు దాటనివ్వకండి. దాటితే ఎగరదని కాదు గానీ, దిగేటప్పుడు చక్రాల కాళ్లు ఊరుకోవు. రెక్కని అసలు విమానంలాగే ఒకే ముక్కగా చేసి, ఒంటికి బోల్టులతో బిగించండి. బస్సులో తీసుకెళ్లడానికి అదొక్కటే దారి.

ప్రశ్న: రెండు ఇంజన్లలో ఒకటి గాల్లో ఆగిపోతే ఏమవుతుంది? ఏది ఆగినా ఒకటేనా?
– హైస్కూల్ సైన్స్ మాస్టారు, రాయగడ

జవాబు: మాస్టారూ, ఒకటి కాదు. ఈ పనిలో దీన్ని మించిన ప్రశ్న లేదు.

విమానం ఎడమ రెక్క మీవైపు ఉంటుంది. దాన్ని లోపలి రెక్క అందాం, కుడిది బయటి రెక్క. బయటి ఇంజన్ ఆగిందనుకోండి. లోపలి ఇంజన్ ఒక్కటే లాగుతుంది, విమానం ముక్కు బయటికి, మీకు దూరంగా తిరుగుతుంది. తీగలు ఇంకా బిగుసుకుంటాయి. వేగం తగ్గుతుంది గానీ విమానం మీ చేతిలోనే ఉంటుంది. మెల్లగా దింపుకోవచ్చు.

లోపలి ఇంజన్ ముందు ఆగితే? బయటిది లాగడంతో ముక్కు మీవైపు తిరుగుతుంది. తీగలు సడలిపోతాయి. ఆ క్షణం నుంచి ఎలివేటర్ మీది కాదు. విమానం మీ తలమీదుగానో మీ మీదికో వస్తుంది. అందుకే నూనె ఇంజన్లు పెట్టేవాళ్లు లోపలి ఇంజన్ ట్యాంకు పెద్దది చేస్తారు, బయటి ఇంజన్ ముందు ఆగేలా. నేలమీద రెండూ నడిపి, ఏది ముందు ఆగుతుందో గడియారం పెట్టి చూడకుండా ఎగరేయకండి. ట్యాంకు పెద్దదైనంత మాత్రాన సరిపోదు, ఇంజన్‌కి ఇంధనం వదిలే సూది వాల్వ్ ఎక్కువ తెరిచి ఉంటే పెద్ద ట్యాంకూ ముందే ఖాళీ అవుతుంది.

ఎలక్ట్రిక్ మోటార్లు పెడితే ఈ బెంగ ఉండదని చాలామంది అనుకుంటారు. బెంగ తగ్గుతుంది, పోదు. ఒకే బ్యాటరీ నుంచి రెండు స్పీడ్ కంట్రోలర్లకి కరెంటు వెళ్తుంది. బ్యాటరీ వోల్టేజీ పడిపోగానే కంట్రోలర్ తనంతట తాను మోటారుని ఆపేసే ఏర్పాటు దాదాపు ప్రతిదాన్లో ఉంటుంది. రెండూ ఒకే క్షణాన ఆపవు. లోపలిది ముందు ఆపితే పైన చెప్పిన కథే. కాబట్టి టైమర్ రెండిట్నీ కలిపి ఆపాలి, అదీ బ్యాటరీలో ఇంకా ఐదో వంతు చార్జి మిగిలి ఉండగానే. రెండు మోటార్లూ కలిపి 400 వాట్లు తాగితే, నాలుగు సెల్లుల 2200 ఎంఏహెచ్ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ అలా నాలుగు నిమిషాల లోపే ఇస్తుంది. టైమర్‌ని మూడున్నర నిమిషాలకి పెట్టండి, చాలు. రెండు కంట్రోలర్లలోనూ టైమర్‌కి కరెంటిచ్చే ఏర్పాటు ఉంటే ఒకదాని ఎర్ర వైరు ఊడదీసి టేపు చుట్టండి. లోపలి మోటారు సోల్డరింగ్ రెండుసార్లు లాగి చూడండి. నా సలహా ఎలక్ట్రిక్కే, ముఖ్యంగా మొదటి జంట ఇంజన్ల విమానానికి.

ఇంజన్ ఆగినా ఆగకపోయినా తీగ బిగువుగా ఉండాలంటే విమానంలోనే కొన్ని పనులు చేసిపెట్టుకోవాలి. రెండు మోటార్లనీ రెండు మూడు డిగ్రీలు బయటికి, అంటే కుడివైపుకి తిప్పి బిగించండి. చుక్కానిని కొద్దిగా కుడికి వంచి అంటించండి. తీగల బరువు ఎడమ రెక్కని కిందికి లాగుతుంది గనక కుడి రెక్క చివర 25, 30 గ్రాముల సీసం పెట్టండి. గురుత్వ కేంద్రం రెక్క సగటు వెడల్పులో ముందంచు నుంచి 20 శాతం దగ్గర ఉండాలి. తీగలు రెక్క చివర నుంచి బయటికొచ్చే చోటు ఆ కేంద్రానికి ఒక వేలెడు వెనక ఉండాలి, అప్పుడే ముక్కు కాస్త బయటికి చూస్తుంది.

మీరు సైన్స్ మాస్టారు కాబట్టి పిల్లలకి ఈ లెక్క చెప్పండి. తీగ పొడవు 18 మీటర్లు, విమానం 1.8 కిలోలు, వేగం సెకనుకి 20 మీటర్లు. ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి వ్యాసార్థంతో భాగిస్తే 40 న్యూటన్లు, అంటే దాదాపు నాలుగు కిలోల లాగుడు. చుట్టు 113 మీటర్లు, ఒక చుట్టుకి ఐదున్నర సెకన్లకి పైన. లాగుడు నాలుగు కిలోలే అయినా విమానం బరువుకి పదింతలు, అంటే 18 కిలోలు పరీక్షించాకే ఎగరేయాలి. సామాన్లు తూచే కొక్కెం కాటా పిడికి తగిలించి, ఒకరు విమానాన్ని బెల్‌క్రాంక్ దగ్గర గట్టిగా పట్టుకుంటే ఇంకొకరు లాగాలి. పగిలేది ఏదైనా ఉంటే అక్కడే పగలనివ్వండి.

ప్రశ్న: మా దగ్గర వానాకాలం వచ్చిందంటే అతుకులు ఊడిపోతున్నాయి. ఫెవికాల్ సరిపోదా? బల్సా ఖరీదు కూడా భరించలేకపోతున్నాం. బొమ్మలు చేసే పొనికి చెక్క వాడొచ్చా?
– ఇద్దరు మిత్రులు, సెమిలిగుడ

జవాబు: మీ ప్రశ్నకి అసలు మస్కిటోయే జవాబు చెప్తుంది. 1944 చివర్లో మన దేశంలో ఉన్న మస్కిటోలు కొన్ని గాల్లోనే విరిగిపడ్డాయి. రెక్క పైతొక్క, రెక్క పొడవునా లోపల ఉండే దూలం నుంచి ఊడి లేచిపోయింది. విమానాలన్నిట్నీ ఎగరకుండా ఆపి చూశారు. ఇక్కడి ఎండ, తేమ జిగురుని తినేశాయని మొదట అందరూ అనుకున్నారు. తర్వాత చూస్తే, చెక్కకి చెక్క సరిగ్గా కూర్చోకుండా జిగురు పట్టని ఖాళీలు ఫ్యాక్టరీ నుంచే వచ్చాయని తేలింది. ఆ ఖాళీల్లోకి నీరు దిగితే ఇక చెప్పేదేముంది!

మీ ఇంట్లో కూడా ముందు చూడాల్సింది జిగురు డబ్బా మీది పేరు కాదు, అతుకు. జిగురు లేకుండా రెండు ముక్కల్నీ కలిపి వెలుతురుకి పట్టండి. వెలుతురు కనిపిస్తే ఇంకా గీకాలి. మామూలు తెల్ల జిగురు రెక్క పక్కటెముకలకి, స్ట్రింగర్లకి (పొడవాటి సన్న పుల్లలకి) బాగా సరిపోతుంది, పైన డోప్ పూసి మూసేస్తే తేమ చేరదు. బెల్‌క్రాంక్ పలక, మోటారు బిగించే గోడలు, చక్రాల కాళ్ల దిమ్మలు, దూలం మధ్య అతుకు, వీటికి మాత్రం నిదానంగా గట్టిపడే ఎపాక్సీయే వాడాలి. తొందరగా పట్టే క్విక్ జిగుళ్లతో బెల్‌క్రాంక్ అంటించినవాళ్లని చూశాను, వాళ్ల పక్కన నేను నిలబడను. వానాకాలంలో రెక్కని బల్ల మీద పిన్నులతో బిగించి ఆరనివ్వండి, తీసి గోడకి ఆనిస్తే తెల్లారేసరికి మెలికపడుతుంది. మెలికపడిన లోపలి రెక్క పైకి లేస్తే పర్వాలేదు, కిందికి వాలితేనే తీగ సడలుతుంది.

పొనికి మంచి చెక్క. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకి వాడేది అదే. ముక్కు దిమ్మ, రెక్కల చివర్లు, ఇంజన్ల మూతల ముందు భాగం దానితో చెక్కండి, ఉలికి హాయిగా లొంగుతుంది. దూలానికి వాడకండి, దానికి నార నిటారుగా ఉన్న గట్టి బల్సా గానీ స్ప్రూస్ గానీ కావాలి. బల్సా కలకత్తా నుంచో హైదరాబాదు నుంచో తెప్పించేటప్పుడు పలకల్ని తూచి పంపమని అడగండి. ఒకే సైజు పలకలు రెండిట్లో ఒకటి రెండోదానికి రెట్టింపు బరువుండొచ్చు. తేలికైనవి తోకకి, బరువైనవి దూలానికి. ఇంకొకటి: లోపల కనిపించే పైలట్, నావిగేటర్ బొమ్మలకి చెరువుగట్టున దొరికే జీలుగు బెండు వాడండి. దానికన్నా తేలికైంది డబ్బులిచ్చినా దొరకదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఈథర్, మిథనాల్ అంటూ ఏవేవో కొనాలంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. చెయ్యనివ్వొచ్చా?
– ఒక తల్లి, గుణుపురం

జవాబు: చెయ్యనివ్వండమ్మా, కానీ ఆ రెండూ కొననివ్వకండి. చిన్న డీజిల్ ఇంజన్లకి ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపి పోస్తారు. ఈథర్ ఆవిరి దూరంగా ఉన్న పొయ్యి మంటకి కూడా అంటుకుంటుంది. గ్లో ఇంజన్లకి వాడే మిథనాల్ కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. బ్యాటరీ మోటారుతో చెయ్యమనండి. లిపో బ్యాటరీ చార్జి అవుతున్నంతసేపూ దగ్గర మనిషి ఉండాలి, మంటకి అంటుకోని చోట, మట్టి కుండలో పెట్టి చార్జి చెయ్యాలి. రాత్రి పెట్టి పడుకోకూడదు.

వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం కరెంటు తీగలు. మోడల్ తీగలు ఉక్కువి, వాటి కొస మీ అబ్బాయి చేతిలో ఉంటుంది. ఎగరేసే చోటికి తీగల పొడవుకి రెట్టింపు దూరంలో ఎక్కడా కరెంటు లైన్ ఉండకూడదు. కోతలైన పొలం మంచిది, కానీ మన దగ్గర పొలాల మీదుగానే లైన్లు వెళ్తాయి, తలెత్తి చూడమనండి. వైశాఖంలో ఉరుము వినబడితే ఆ రోజు ఇంటికి వచ్చెయ్యాలి. పిడికి కట్టిన పట్టీ మణికట్టుకి తగిలించుకోకుండా ఎగరేయకూడదు. ఈ నాలుగు మాటలూ ఒప్పుకుంటేనే డబ్బులివ్వండి.

ప్రశ్న: 1942లో విశాఖ మీద బాంబులు వేసిన జపాన్ విమానం మోడల్ చెయ్యాలని మా మనవడి కోరిక. అది రెండు ఇంజన్లదేనా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, బరంపురం

జవాబు: కాదండీ, ఒకటే ఇంజన్. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన నకజిమా బీ5ఎన్ విమానాలు, ముగ్గురు కూర్చునేవి. రెండు ఇంజన్ల బాంబర్లకి ఆ రోజుల్లో ఓడల మీద చోటు లేదు. సరిగ్గా పన్నెండు రోజుల తర్వాత అమెరికా 16 బీ-25లని హార్నెట్ ఓడ మీద నుంచి జపాన్ మీదికి పంపింది గానీ, అవి లేవడమే తప్ప మళ్లీ ఓడ మీద దిగే వీల్లేదు. మనవడితో ముందు బీ5ఎన్ చేయించండి. ఒంటి ఇంజన్, వెడల్పాటి రెక్క, తీగల మీద చక్కగా నడుస్తుంది.

ప్రశ్న: సముద్రపు గాలి ఉన్నప్పుడు విమానాన్ని ఎటువైపు నుంచి వదలాలి? నా స్నేహితుడు గాలికి ఎదురుగా అంటాడు.
– గోపాల్‌పూర్ నుంచి

జవాబు: పెద్ద విమానాలకి మీ స్నేహితుడి మాట నిజం. తీగల మీద విమానాన్ని గాలి వెనక నుంచి తోసేలా వదలాలి. పావు చుట్టు తిరిగేసరికి గాలి దాన్ని మీ నుంచి దూరంగా నెట్టే వైపుకి చేరుతుంది, ఆ వేగం లేని మొదటి క్షణాల్లో తీగ బిగిసే ఉంటుంది. ఎదురు గాలిలో వదిలితే పావు చుట్టులో గాలి దాన్ని మీ మీదికి తోస్తుంది. మీ ఊళ్లో మధ్యాహ్నమయ్యేసరికి గాలి పెరుగుతుంది, పొద్దున్నే ఎగరేయండి. తల తిరిగితే చుట్టూ చూడకండి, విమానాన్నే చూడండి.

ప్రశ్న: మస్కిటోకి ఏ రంగులు వెయ్యాలి? నెట్‌లో చూసిన బొమ్మల్లో విమానం మీది గుండ్రటి గుర్తు మధ్యలో ఎర్ర చుక్క ఉంది.
– డిగ్రీ విద్యార్థిని, కోరాపుట్

జవాబు: ఎర్ర చుక్క ఇంగ్లండ్‌లో ఎగిరిన వాటికమ్మా. మన వైపు, బర్మా వైపు ఎగిరిన మిత్రపక్షాల విమానాలకి ఎరుపు తీసేశారు. జపాన్ విమానాల మీద ఉండే ఎర్రటి సూర్యుడు అనుకుని సొంతవాళ్లే కాల్చకూడదని. ముదురు నీలం వలయం, మధ్యలో లేత రంగు, అంతే. యుద్ధం చివర్లో ఇక్కడి మస్కిటోలు చాలావాటికి ఒళ్లంతా వెండి రంగు వేసి, రెక్కలకీ తోకకీ నల్లటి పట్టీలు గీశారు. ఎండకి చెక్క వేడెక్కకుండా ఉండడానికే ఆ వెండి రంగు. మీరు అదే వెయ్యండి, దూరం నుంచి బాగా కనిపిస్తుంది.

వెండి రంగు కింద గీత పడినా, గుంట పడినా దాచుకోదు, కాబట్టి ఇసక కాగితం పని ఓపికగా చెయ్యాలి. పొరలు పల్చగా, బ్రష్షుతో కాకుండా స్ప్రేతో వెయ్యండి. తోక మీద రంగు తక్కువ పడాలి. అక్కడ పది గ్రాములు పెరిగితే ముక్కులో ఇంకా ఎక్కువ సీసం పెట్టాల్సి వస్తుంది. రంగు ఆరాక విమానాన్ని మళ్లీ రెండు వేళ్ల మీద నిలబెట్టి గురుత్వ కేంద్రం ఎక్కడుందో చూసుకోండి. మొదట గుర్తు పెట్టినచోటు నుంచి అది వెనక్కి జరిగే ఉంటుంది. బ్యాటరీని ముందుకి జరిపి సరిచెయ్యండి.